గౌరయ్య గొంతు

మేడ్చల్ హైవే పక్కనున్న ఆ కోల్డ్ స్టోరేజీలో గది తలుపు మూసే ముందు స్పీకర్ ఒక మాట అడగాల్సిందే: "లోపల ఎవరన్న ఉన్నరా? తలుపు ఏస్తున్నం."

రికార్డు చేసి పెట్టిన ఆ గొంతు వాచ్‌మన్ గౌరయ్యది. ఆయన చనిపోయి నెల దాటింది. అందుకే ఆ రాత్రి, అక్కడి సిస్టమ్స్ చూసుకునే వినోద, తలుపు పక్కనున్న కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వేరే గొంతు పెట్టింది.

అయినా స్పీకర్ గౌరయ్య గొంతుతోనే అడిగింది.

తలుపు మూస్తున్న కొత్త వాచ్‌మన్ బాలేష్ సగంలోనే ఆపేశాడు. "గిదేంది మేడం?"

వినోద నవ్వింది. "పరేషాన్ గాకు అన్నా. కొత్తది ఎక్కించిన గానీ, వెనక ఆ పాత గొంతు పలికే ప్రోగ్రామ్ ఇంకా నడుస్తాంది. దాన్ని ఆపి మళ్ల షురూ జెయ్యాలె. మర్చిపోయిన, గంతే."

ఆపింది. ఆగిపోయినట్టు తెర మీద చూసుకుంది. స్పీకర్‌లో సన్నటి గుయ్యిమనే మోత కూడా పోయింది.

"సూసినవా? ఇగ ఆయన గొంతు రాదు."

వచ్చింది. స్పీకర్‌లోంచి కాదు, సగం మూసిన తలుపు వెనక, ఆ చల్లటి చీకట్లోంచి.

"ఉన్న బిడ్డా. తలుపు ఏయకు, వస్తున్న."