నీళ్ళ పరీక్ష

మునిరత్నం బండి దిగేసరికి, తను కొత్తగా పెడుతున్న బంకులో నేలలో పూడ్చిన పెట్రోలు ట్యాంకు మూత ఊడదీసి ఉంది. చుట్టూ రంగురంగుల బిందెలు, వాటి వెనక కాలనీ ఆడవాళ్ళు. నడుమ అతని చిన్నమ్మ ప్రసూనాంబ కొంగు బిగించి, తాడు కట్టిన బకెట్టును ట్యాంకులోంచి పైకి లాగుతోంది.

"చిన్నమ్మా, ఏం జేస్తా ఉండావు?"

"కండ్లు లేవా? నీళ్ళు తోడతా ఉండా. పక్కకు జరుగు, పైన పడతాయి."

"అది పెట్రోలు ట్యాంకు."

"ఇంకా బొట్టు పెట్రోలు పడిందే లేదు గదరా. నిన్న నువ్వే రెండు ట్యాంకర్ల నీళ్ళు పోయిస్తివి. మా కాలనీ కొళాయి ఎండిపోయి రెండు నెలలాయ. ఈడ నువ్వు ఇనప డబ్బాకు నీళ్ళు తాపిస్తా ఉండావు. దప్పిక దానికా, మాకా?"

మునిరత్నం నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నేలలో పెట్రోలు ట్యాంకు పూడ్చాలంటే సర్కారు రూళ్ళు ఒకటా రెండా? ఇంటికి ఇంత దూరం ఉండాలి, కరెంటు స్తంభానికి ఇంత దూరం ఉండాలి, చుట్టూ ఇసుక ఇంత మందం పోయాలి. అన్నీ దాటుకొచ్చాడు. ఆఖరిది నీళ్ళ పరీక్ష. ట్యాంకులో ముప్పాతిక వంతు నీళ్ళు పోసి ఒక రోజంతా ఉంచాలి. మట్టం కదిలిందంటే ట్యాంకుకు చిల్లి ఉన్నట్టే. బంకు మీద ఆశలకు నీళ్ళు వదులుకోవలసిందే.

"నాలుగ్గంటలకు ఆఫీసరు వస్తాడు. ఎన్ని బిందెలు తీసినారు?"

"ఒక అరవై ఉంటాయేమో."

మునిరత్నం అక్కడే ఇసుకలో కూలబడ్డాడు. "ఉన్న రెండెకరాలు అమ్మి దీంట్లో పెట్టినా చిన్నమ్మా. శ్రీ సిటీ ఫ్యాక్టరీల బస్సులన్నీ ఈ దారినే పోతాయని. లైసెన్సు రాకుంటే నేను నడిరోడ్డు మీదే."

ప్రసూనాంబకు జాలేసింది. ఎంతైనా అక్క కొడుకు. "సరే, ఏడవాక. తీసుకున్నోళ్ళంతా తెచ్చి పోస్తారులే" అని ఆడవాళ్ళ వైపు తిరిగింది.

తెచ్చి పోశారు. కాకపోతే అప్పటికే కాలనీలో సగం మంది తలస్నానాలు అయిపోయాయి, సంగటి కూడా ఉడికిపోయింది. ఒకామె పోసిన నీళ్ళలో బియ్యపు గింజలు తేలాయి. ఇంకొకామె చెంబుడు నీళ్ళు తెచ్చి, "మిగిలింది ఇంతేనప్పా" అని పోసి, చెంబు బోర్లించి మరీ చూపించింది. మునిరత్నం వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పోయినవి అరవై, తిరిగి వచ్చినవి ఇరవై రెండు.

సరిగ్గా నాలుగుకు ఆఫీసరు దయానంద్ జీపు దిగాడు. పొడవాటి కొలత కడ్డీ పట్టుకుని ట్యాంకు దగ్గరికి నడిచాడు. మునిరత్నం ఏడుకొండలవాడికి గుండు మొక్కుకున్నాడు. చాలదేమోనని పెళ్ళాం గుండు కూడా కలిపాడు.

దయానంద్ కడ్డీ దించి, తీసి, తడి ఎంతవరకు ఉందో చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ దించాడు.

"నిన్న మట్టం నూట యాభై సెంటీమీటర్లని రాసుకున్నాను. ఇవాళ..."

"ఎండకు ఆవిరై పోయుంటాయి సార్" అన్నాడు మునిరత్నం ముందుగానే.

"నూట యాభై అయిదు."

మునిరత్నం నోరు తెరిచాడు. ముప్పై ఎనిమిది బిందెలు తక్కువైన ట్యాంకులో నీళ్ళు పెరిగాయి. రెండు గుండ్లకు స్వామి ఇంత తొందరగా పలుకుతాడని అతను అనుకోలేదు.

"తగ్గలేదు గదా సార్. పాసయినట్టే గదా."

"తగ్గితే లోపలి నీళ్ళు బయటికి పోతున్నట్టు. పెరిగితే బయటి నీళ్ళు లోపలికి వస్తున్నట్టు. ఏదైనా చిల్లే. ఫెయిల్."

"బయట నీళ్ళు యాడివి సార్? ఈడ వెయ్యి అడుగులు బోరేస్తే దుమ్ము లేచింది."

దయానంద్ బకెట్టుతో కాసిని నీళ్ళు తోడించి వాసన చూశాడు. "ట్యాంకర్లో తెచ్చింది ఏ నీళ్ళు?"

"ఏర్పేడు దగ్గర మామిడితోపు బోరు నీళ్ళు సార్."

"మరి బ్లీచింగు వాసన వస్తోందే" అంటూ ఆయన కాగితం మీద ఫెయిల్ అని రాసి సంతకం పెట్టాడు.

కొళాయి నీళ్ళలో కలిపే బ్లీచింగు మాట చెవిన పడగానే ప్రసూనాంబ ముందుకొచ్చింది. దోసిట్లో పట్టి ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగింది. తర్వాత ఎవరినీ అడక్కుండా బకెట్టును మళ్ళీ ట్యాంకులోకి వదిలింది.

"అంతా అయిపోయింది గదా, ఇంకా ఏంది చిన్నమ్మా?" అన్నాడు మునిరత్నం ఏడుపు గొంతుతో.

"మా నీళ్ళు మేం తోడుకుంటా ఉండాం. నువ్వు జేసీబీ పెట్టి ఈ గుంత తీసిన దినమే గదరా మా కొళాయి ఎండిపోయింది."