నాలుగో గంట పరీక్ష

"ఇంకా బిగుతే," అన్నాడు లియోంటిన్, హెడ్‌ఫోన్ల కప్పు ఒకటి చెవి మీంచి పక్కకి జరిపి. "కళ్ళజోడు కాడ మీద నొక్కుతోంది. మొదటి గంట తెలియదు. మూడో గంటకి తలనొప్పి. నాలుగో గంటకి దీన్ని తయారుచేసినవాణ్ణి తిట్టుకోవడం."

"తయారుచేసింది నేనేనండీ," అంది రుక్సాంద్ర.

"అందుకే మనసులో తిట్టుకుంటున్నానమ్మా."

రుక్సాంద్ర నవ్వి హెడ్‌ఫోన్లు అందుకుంది. తలపట్టీ కొంచెం వంచి, మెత్తలు మార్చి మళ్ళీ ఇచ్చింది.

క్లుజ్ నగరంలో ట్రామ్ దారి పక్కన ఆమె వర్క్‌షాపు. వాల్‌నట్ చెక్క కప్పులతో, వెనక మూసి ఉండే ఖరీదైన హెడ్‌ఫోన్లు చేయాలని మూడేళ్ళుగా ప్రాణం పెడుతోంది. రేపు మూడు వందల జతలకి చెక్క కోతకి వెళ్తుంది. కోశాక మార్చడానికి ఏమీ ఉండదు. ఉన్నదంతా ఇందులోనే పోసింది కాబట్టి, ఇది దెబ్బతింటే షాపు తలుపులు మూసుకోవడమే.

పేరున్న నిపుణులు ముగ్గురు వచ్చారు. పది నిమిషాలు విని, అద్భుతం అని, కాఫీ తాగి పోయారు. ఆ పొగడ్తలు ఆమెకి ఒంటబట్టలేదు. రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉద్యోగం చేసినవాళ్ళు కావాలని బేకరీ గోడకి కాగితం అంటించింది. వచ్చినవాడు ఈ ముసలాయన ఒక్కడే. డెబ్బై నాలుగేళ్ళు. టెలిఫోన్లలో ఇరవై ఏళ్ళు చేశానన్నాడు. కూర్చోడానికి సొంత దిండు, తినడానికి నువ్వులద్దిన కోవ్రిగు రొట్టె సంచిలో తెచ్చుకున్నాడు. పొద్దున ఎనిమిదింటికి కూర్చున్నవాడు ఇప్పటిదాకా కదిలితే ఒట్టు.

బల్ల మీద ఫోను మోగింది. 'నికోదిమ్ బాబాయి'. ఈ వారంలో నాలుగోసారి. రుక్సాంద్ర కట్ చేసింది.

"మాట్లాడుకోమ్మా," అన్నాడు లియోంటిన్. "నీ కప్పులు గట్టిగానే మూసుకుంటున్నాయి. నాకేం వినబడదు."

"అక్కర్లేదండీ. మాకు మాటల్లేవు."

మాటల్లేక ముప్ఫై ఏడేళ్ళయింది. ఎనభై ఎనిమిదిలో ఒక ఆదివారం, వంటింట్లో భోజనం చేస్తూ నాన్న అప్పట్లో దేశాన్నేలే పెద్దాయన మీద ఒక మాట అన్నాడు. వారం తిరక్కుండా రహస్య పోలీసులు ఇంటికొచ్చి నాన్నని పట్టుకుపోయారు. ఏడాది తర్వాత సగం మనిషై తిరిగొచ్చాడు. ఆ రోజు బల్ల దగ్గర ఉన్నది అమ్మ, నాన్న, తొమ్మిదేళ్ళ రుక్సాంద్ర, బాబాయి. గోడల్లో వినే యంత్రాలు పెడతారన్న భయంతో, ఊళ్ళో అందరిలాగే నాన్న కుళాయి తిప్పాకే నోరు విప్పాడు. నీళ్ళ హోరులో మాట గోడ దాటదు కదా, మోసినవాడు బల్ల దగ్గరివాడే అని అమ్మ తేల్చేసింది. మరిది మొహాన తలుపు వేసింది. పోయేదాకా తీయలేదు. కూతురూ తీయలేదు. ఇప్పుడు బాబాయి ఆసుపత్రిలో ఉన్నాడట, ఒక్కసారి చూడాలట. చూడదలచుకోలేదు రుక్సాంద్ర. ఆ కోపం ఆమెకి అమ్మ ఇచ్చిన ఆస్తి.

నాలుగో గంట దాటింది. లియోంటిన్ వయొలిన్లు విన్నాడు, పెళ్ళి బాకాలు విన్నాడు, డోళ్ళు విన్నాడు. అన్నిటికీ తల ఊపాడు గానీ మొహంలో వెలుగు లేదు.

"బాలేదాండీ?" అంది.

"సంగీతం ఏ డబ్బాలోనైనా బానే ఉంటుందమ్మా. మనిషి మాట ఉన్నది పెట్టు. స్టూడియోలోది కాదు, ఇంట్లోది."

ఇంట్లోది ఒక్కటే ఉంది. తన పుట్టినరోజుకి నాన్న వంటింట్లో పట్టిన టేపు, నలభై సెకన్లు. కుళాయి పారుతుంటే గిన్నెలు కడుగుతూ అమ్మ పాడుతుంది. అమ్మ సొంతంగా అల్లుకున్న పాట, ఆ వంటింటి గడప దాటనిది. రుక్సాంద్ర కాస్త జంకి, పెట్టింది.

*ఎలుకమ్మా ఎలుకమ్మా, పిండి తిన్నావా, మూతికంటిందమ్మా, తుడుచుకున్నావా.* ఆ ఒక్క చరణం కాగానే టేపు అయిపోయింది.

లియోంటిన్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఇంకోసారి పెట్టమని వేలితో సైగ చేశాడు. రెండోసారి అయ్యాక హెడ్‌ఫోన్లు మెల్లగా తీసి, గుడ్డ మీద పెట్టాడు.

"కోతకి పంపెయ్," అన్నాడు. "నీళ్ళు వేరు, మాట వేరుగా వినిపిస్తోంది. గిన్నె ఇత్తడిదో రేకుదో కూడా తెలుస్తోంది. తలనొప్పి లేదు. నా రోజుల్లో ఇలాంటిది ఇచ్చుంటే ఈ మెడ ఇలా ఉండేది కాదు."

రుక్సాంద్రకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడేళ్ళ బరువు దిగింది. ఆయన వద్దంటున్నా కోటు పట్టుకుని తొడిగింది, దిండు సంచిలో పెట్టిచ్చింది. ముసలాయన వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, పని బాగా జరిగినవాడిలా కూనిరాగం తీశాడు.

*ఎర్ర బూటు ట్రాములో ఎక్కిపోయింది, రెండోది గుమ్మంలో ఏడ్చిపోయింది.*

"వస్తానమ్మా," అని తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

రుక్సాంద్రకి నవ్వొచ్చింది. ఆ ఎర్ర బూటు తనదే. ఏడేళ్ళప్పుడు ట్రామ్‌లో పోగొట్టుకుని ఏడుస్తూ వస్తే, ఊరుకోబెట్టడానికి అమ్మ ఆ పూటే ఆ చరణం అల్లింది. తనూ ఆ రాగమే తీస్తూ నోటుపుస్తకంలో 'సుఖం: పదికి పది, ధ్వని: పదికి' అని రాస్తోంది.

ఫోను మోగింది. నికోదిమ్ బాబాయి. అలవాటుగా కట్ చేయబోయిన వేలు గాలిలోనే ఆగింది.

ఆ చరణం టేపులో లేదు.