ప్రతిపాదనలో పాము

ఊరికి పంచాయతీ వచ్చి ఆర్నెల్లు. సంగారెడ్డి నుంచి తెచ్చిన రూల్సు పుస్తకం సర్పంచి మొహియుద్దీన్‌కు కంఠతా వచ్చు.

“సత్తయ్య మేకలు అందరి చేన్లు మేస్తున్నయి. వాటిని బందెల దొడ్డిల పెట్టాలె. ఇది ప్రతిపాదన. మీరు చేతులెత్తితేనే తీర్మానమైతది,” అన్నాడాయన పంచాయతీ గదిలో కూడిన మెంబర్లతో.

చేతులు లేవబోతుండగా మెంబరు సత్తయ్య నెమ్మదిగా అన్నాడు: “సాబ్, మీ కుర్చీ కింద పామున్నది. బయటికి పోదాం.”

సర్పంచి కాళ్లు రెండూ కుర్చీ మీదికి తీసుకున్నాడు. “గది సుత ప్రతిపాదనే. బలపరిచేటోళ్లు ఎవరు?”

బలపరిచే తీరిక ఎవరికీ లేదు. కొందరు తలుపులోంచి, కొందరు కిటికీలోంచి బయటపడ్డారు.

ఇక ఎత్తడానికి మిగిలినవి సత్తయ్య చేతులే. రూలు రూలే. సర్పంచి కాళ్లు దించకుండానే పైకి చదువుతూ రాశాడు: “కోరం లేదు. మేకల ప్రతిపాదన తీర్మానం కాలేదు.”

“మంచిగ రాసిన్రు సాబ్,” అంటూ సత్తయ్య వంగి, కుర్చీ కింది పామును తోక పట్టి లాగి భుజాన వేసుకున్నాడు.

బయటికి వెళ్లి, ఆ తాడుతోనే మేకల్ని కట్టి ఇంటికి తోలుకుపోయాడు.