బాబాయి రిహార్సల్

"లోపలికి రాకు" అని కసిరాడు ద్వారకానాథ్.

గ్యారేజీ తలుపు సగం తెరిచిన తన్మయి అక్కడే ఆగిపోయింది. బాబాయి కారు పక్కన స్టూలు మీద ముందుకు వంగి కూర్చుని, కుడిచేత్తో ఎడమ భుజం గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ముఖమంతా తడి.

"ఏంటి బాబాయ్ ఇది?"

"ఏం లేదమ్మా. నీ పరీక్ష అయ్యాక మాట్లాడుకుందాం. వెళ్ళి చదువుకో. పిన్నితో మాత్రం అనకు."

సరేనని తలుపు మూసింది. వంటింటి దాకా వచ్చిందో లేదో, సంగతి బుర్రకెక్కింది. ఇంకేముంది, పంట పండింది.

వేరే దేశంలో చదివొచ్చిన డాక్టర్లకి ఆస్ట్రేలియాలో పెట్టే పరీక్షలో ఒక్కో గదిలో ఒక్కో పేషెంటు కూర్చుంటాడు. నిజం పేషెంటు కాదు, జబ్బు నటించే మనిషి. అదేం జబ్బో పట్టుకుని, ఏం చెయ్యాలో చెప్పాలి. టూవూంబా ఊళ్ళో యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన ద్వారకానాథ్ ఏటా ఆ వేషం కడతాడు. ఏం జబ్బో కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పడు. చెప్పనని సంతకం పెట్టాడట. రెండుసార్లు తప్పి మూడోసారికి తయారవుతున్న తన్మయి, నెల్లాళ్ళుగా ఆయనింట్లోనే తింటూ, ఆయన్నే కదిపి కదిపి చూసింది. ఒక్క ముక్క రాల్చలేదు మహానుభావుడు. అలాంటిది ఇవాళ జబ్బు తనంతట తనే బయటపడింది.

గది తలుపేసుకుని, సిడ్నీలో ఉన్న మొగుడికి ఫోన్ చేసింది.

"వివేక్, కేసు దొరికింది. గుండెపోటు. బాబాయి గ్యారేజీలో రిహార్సల్ చేసుకుంటుంటే కళ్ళారా చూశాను. చెమటకని మొహాన నీళ్ళు కూడా చల్లుకున్నాడు. ఎంత నటుడనుకున్నావ్ మా బాబాయి."

"అంటే పేపర్ లీకేగా తన్మయీ?"

"వాట్సాప్ గ్రూపులో అందరూ పాత ప్రశ్నలు పంచుకోవట్లా? ఇది మా ఇంట్లో దొరికింది, అంతే తేడా. అయినా నువ్వు నెట్లో దొరికిన ప్రశ్నల డంప్స్ బట్టీపట్టి క్లౌడ్ సర్టిఫికెట్ తెచ్చుకోలేదూ?"

"నాది సర్వరు. పడిపోతే మళ్ళీ లేపుతా. నీ పని మనుషులతో."

"నీతులు తర్వాత చెబుదువుగానీ. ఈసారి పోతే ఆస్పత్రివాళ్ళు ఇస్తామన్న ఉద్యోగం పోతుంది, దాంతో వీసా పోతుంది. జవాబు చేతికొచ్చాక తెలియనట్టు కూర్చోడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా?"

"నీ ఇష్టం" అని వివేక్ ఫోన్ పెట్టేశాడు.

ఆ క్షణం నుంచి తన్మయికి గుండెపోటు తప్ప లోకం లేదు. ముందు ఏం అడగాలి, ఏ మాత్ర నమిలించాలి, ఈసీజీ ఎప్పుడు, అంబులెన్స్ ఎప్పుడు. స్నానం చేస్తూ అదే, అన్నం తింటూ అదే. పరీక్ష ముందురోజు బ్రిస్బేన్‌లో స్నేహితురాలింటికి బయల్దేరుతుంటే బాబాయి మెల్లగా గుమ్మం దాకా వచ్చాడు.

"ధైర్యంగా ఉండమ్మా. ఈసారి నీదే."

"నాకూ అలాగే అనిపిస్తోంది బాబాయ్" అని లోపల్లోపల నవ్వుకుంటూ కారెక్కింది.

తీరా పరీక్షలో ఏ గదిలో చూసినా బాబాయి లేడు. వేరే బ్యాచికి వేసుంటార్లే అనుకుంది. కేసు మాత్రం ఎక్కడికి పోతుంది? చివరి గదిలో ఓ బట్టతల తెల్లాయన ఎడమ భుజం పట్టుకుని మూలుగుతూ కనిపించాడు. తన్మయి రెచ్చిపోయింది. ఒక్క ప్రశ్న తడబడలేదు. "మీరు కదలకండి. ఇది గుండెపోటు కావచ్చు. ఇప్పుడే అంబులెన్స్ పిలుస్తున్నాను. ఇలాంటి నొప్పిని దాచుకుని ఒక్క పూట ఆలస్యం చేసినా ప్రాణానికే ప్రమాదం" అని ఆయన భుజమ్మీద చెయ్యేసి మరీ చెప్పింది. పక్కన కూర్చుని మార్కులేసే ఆవిడ తలూపుతూ రాసుకుంది. పాసైపోయినట్టే. అది ఆవిడ ముఖంలోనే తెలిసిపోయింది.

బయటికొస్తూనే ఇంటికి ఫోన్ కొట్టింది. పిన్ని విద్యావతి ఎత్తింది.

"పిన్నీ, అదరగొట్టేశాను. బాబాయి ఇంకా ఇక్కడే ఏ గదిలోనో ఉండుంటారు. బయటికి రాగానే నాకు ఫోన్ చెయ్యమను, కాళ్ళకి దణ్ణం పెట్టాలి."

"ఆయన అక్కడికెందుకొస్తారే? నువ్వు రాసే పరీక్షకి తను వేషం కట్టడం తప్పని, నువ్వు మా ఇంటికొచ్చిన రోజే వాళ్ళకి ఈసారి రానని చెప్పేశారు. నీకు చెప్పలేదా? పొద్దుట్నుంచీ ఒంట్లో నలతగా ఉందని పడుకునే ఉన్నారు, లేపమంటావా?"