పెట్రోలులో ఆయిల్

తన కొత్త మోటారు సైకిలుకు పోసే పెట్రోలులో మెకానిక్ గాబ్రియేలు ఆయిల్ కలుపుతాంటే చూసి, "కల్తీ చేస్తాండావా?" అని ఓబుళరెడ్డి వాని చెంప మీద కొట్టినాడు. రెడ్డి పాత బండి ఫోర్ స్ట్రోకుది, దానికి ఆయిల్ వేరేగా పోసేవాళ్లు. ఈ టూ స్ట్రోకు బండికి పెట్రోలులోనే కలపాల. ఆ ముక్క చెప్పాల్సిన గాబ్రియేలు దెబ్బ తిని నోరు మూసుకున్నాడు.

నాలుగో దినం పొద్దున రెడ్డి రాయచోటికి వచ్చి, గాబ్రియేలు మెకానిక్ షెడ్డు ముందరే తన చేత్తో వట్టి పెట్రోలు ట్యాంకు నిండా పోసుకుని పల్లెకు పోయినాడు. గాబ్రియేలు చూస్తా నిలబడినాడు.

సాయంత్రం రెడ్డి ఒళ్లంతా దుమ్ముతో నడుచుకుంటా వచ్చినాడు.

"ఇంజను పట్టేసిందా?" గాబ్రియేలే ముందు అడిగినాడు. "ఆయిల్ లేకుంటే అంతే. పొద్దున చూసి కూడా కావాలనే చెప్పలేదు. మళ్లీ కొడతారా?"

రెడ్డి చెయ్యి లేపలేదు.

"డాక్టరమ్మ యాడుండాది? మన ఊర్లో నీ పెండ్లాం మధ్యాహ్నం నుంచి నొప్పులు పడతాండాది. బిడ్డ అడ్డం తిరిగిందంట. బండేమో అయిదు మైళ్ల అవతల నిలిచిపోయింది."

రొప్పుతా మళ్లీ అన్నాడు.

"నిన్ను కొట్టినాక మనసు ఊరుకోలేదప్పా. ఆమెకు నెలలు నిండినాయి, ఎప్పుడు అవసరమొస్తాదో అనే ట్యాంకు నిండా పోసి పెట్టుకున్నా."