వినే అయ్యవారు

ఆదిమూలం బడిలోకి అడుగుపెట్టేసరికి అయ్యవారు నేలమీద, పిల్లల వరుసలో, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

నల్లబల్ల దగ్గర నిలబడి పాఠం చెబుతున్నది ఐదో తరగతి చదివే ఆదిమూలం కూతురు మునిరత్నమ్మ.

"గీత కింద మూడు రాసినావు గదమ్మా. రెండు కంటే మూడు పెద్దది గదా? మరి అరకంటే ఇది చిన్నదెట్లయింది?" అన్నాడు అయ్యవారు.

"అయ్యో సార్! ఒక బెల్లం అచ్చు ఉండాది. ఇద్దరికి పంచితే మీకు ఎక్కువొస్తాదా, ముగ్గురికి పంచితే ఎక్కువొస్తాదా?"

"ఇద్దరికైతేనే."

"మరి?"

అయ్యవారు వేళ్ళమీద పంచి చూసుకున్నాడు.

"ఆఁ, ఇప్పుడు తెలిసింది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆదిమూలానికి ఒళ్ళు మండింది.

ఆ పల్లెలో బడి అంటే ఒకే గది. ఐదు తరగతులకూ ఒకే నల్లబల్ల, ఒకే అయ్యవారు. చెరకు తోటల్లో పనిచేసుకునే తల్లిదండ్రులకు చదువు జరుగుతున్నదనడానికి ఒక్కటే రుజువు: ఎక్కాల కేకలు గానుగ దాకా వినబడాలి. ఈ సిద్ధాంతాన్ని ఎవరూ ఎన్నడూ పరీక్షించి చూడలేదు.

పంకజాక్షి టీచరమ్మ ఉన్నప్పుడు కేకలు వినబడేవి. ఆమె వానాకాలంలో జ్వరమని వెళ్ళి, తిరిగి రాలేదు. బదిలీ చేయించుకున్నదని ఊరు తీర్మానించుకుంది.

దసరా వెళ్ళాక ఈయన బస్సు దిగాడు. చేతిలో బడి తాళంచెవి ఉంది. తాళంచెవి ఉన్నవాడు అయ్యవారు కాక ఇంకెవరు? ఆర్డరు చూపించమని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పేరు ఏకాంబరమని మాత్రం తెలిసింది.

ఆయన వచ్చాక బడి గొంతు తగ్గిపోయింది.

ఐదో తరగతి వాళ్ళు పుస్తకం చదివి, తమలో తాము వాదించుకుని తేల్చుకునేవారు. వాళ్ళు నాలుగో తరగతికి, నాలుగు వాళ్ళు మూడుకు, అట్లా కిందిదాకా చెప్పేవారు. శనివారం మాత్రం ప్రతి ఒక్కరూ ఆ వారం నేర్చుకున్నది అయ్యవారికి చెప్పాలి. ఆయనకు అర్థమయ్యేదాకా చెప్పాలి. అర్థం కావడానికి ఆయన చాలాసేపు తీసుకునేవాడు.

"ఏం అయివారా," అన్నాడు ఆదిమూలం, "ఈ బడిలో చెప్పేది వాళ్ళా, నువ్వా?"

"వాళ్ళేనప్పా."

"మరి నువ్వెందుకు?"

"ఇనేదానికి."

"ఇనేదానికి నాలుగు గోడలుండాయి గదా! అయిదో గోడ గూడా కావాల్నా మాకు?"

ఆదిమూలం వెంట వచ్చిన రైతులు వాకిట్లో నిలబడి నవ్వారు.

"సర్కారు జీతం తింటా, పసిబిడ్డల చేత పాఠం చెప్పించుకుంటావా? సిగ్గులేదా?"

ఏకాంబరం జీతం మాటకు ఏదో చెప్పబోయి మానుకున్నాడు.

"రత్నమ్మ బాగా చెప్తాదప్పా," అన్నాడు చివరకు.

"అది నాకు తెలుసులే. బీగంచెవి ఈడ పెట్టు. సమితి ఆఫీసులో చెప్పి, నోరుండే అయివార్ని తెచ్చుకుంటాం."

"ఈ వారం ఇంకా కొందరు చెప్పలేదప్పా. వాళ్ళది గూడా ఇనేసి పోతానే."

"ఇనింది చాలు."

తాళంచెవి ఆదిమూలం చేతిలో పెట్టి ఆయన ఎండలో బస్సు రోడ్డు వైపు నడిచాడు. పిల్లలెవరూ చాలాసేపు ఇళ్ళకు కదలలేదు.

ఊరు సమితికి అర్జీ పంపింది. జవాబు రాలేదు, కొత్త అయ్యవారూ రాలేదు. చిన్నపిల్లలు మేకల వెంట పడ్డారు. కాస్త ఎదిగినవాళ్ళు చెరకు కోతకు వెళ్ళారు.

జూన్‌లో ఆదిమూలం కూతుర్ని ఆరో తరగతిలో చేర్చడానికి టౌను హైస్కూలుకు తీసుకుపోయాడు. హెడ్మాస్టరు భిన్నాల లెక్క ఒకటి ఇచ్చాడు. మునిరత్నమ్మ చేసింది, ఎందుకట్లా చేసిందో చెప్పింది, చెప్పి, ఆయన ముఖంలోకి చూస్తూ అడిగింది.

"తెలిసిందా సార్? లేకుంటే మళ్ళా చెప్తాను."

హెడ్మాస్టరు నవ్వలేదు.

"ఎవరయ్యా మీ ఊరి మాస్టరు? ఎక్కాలు అప్పజెప్పే పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఎందుకో చెప్పగల పిల్లను ఇప్పుడే చూస్తున్నాను. ఆయన్ను వదులుకోకండి."

ఆదిమూలం అక్కడినుంచి నేరుగా సమితి ఆఫీసుకు పోయాడు.

"మీ బడికి మేమెవర్నీ వెయ్యలేదే," అన్నాడు గుమాస్తా. "పంకజాక్షి టీచరు టైఫాయిడుతో చనిపోయినప్పట్నుంచీ ఆ పోస్టు ఖాళీ."

ఆదిమూలం గుమాస్తా బల్లకు దగ్గరగా జరిగాడు.

"టీచరమ్మ పోయిందా? మరి బీగంచెవి తీసుకోని వచ్చినాయన ఎవరు సార్?"

"నన్నడిగితే? వడమాలపేటలో ఆ టీచరు వాళ్ళిల్లుంది. అక్కడ అడుగు."

వడమాలపేటలో తలుపు తీసింది టీచరమ్మ తల్లి శకుంతలమ్మ.

"బీగంచెవి ఊర్లో ఇచ్చేసి వస్తానని పోయినాడు మా ఆయన," అన్నదామె. "పిల్లోళ్ళు బడి మెట్లమీద కూర్చోనుండారంట. చూసి, తెరిచినాడు. కూతురు పోయినంక ఆయన కడుపునిండా తినింది ఆ పొద్దే."

"ఆయన యాడమ్మా? కాళ్ళు పట్టుకోనైనా పిలుచుకోని పోదామని వచ్చినా."

"మాఘమాసంలో పోయినాడు నాయనా. బడి మానేసినంక మంచం దిగలే."

ఆదిమూలం తలగుడ్డ విప్పి అరుగుమీద కూర్చున్నాడు.

"అంత చదువుండే మనిషిని..." అన్నాడు. "ఎందాక చదివినాడమ్మా ఆయన?"

శకుంతలమ్మ అతనివైపు వింతగా చూసింది.

"ఆయనకు ముందునుంచీ వేలిముద్రే గదా నాయనా, మీ బళ్ళోనే అక్షరాలు నేర్చుకోని, రెండో తరగతి సగంలో ఉండంగా మీరు మాన్పించేసినారంట."