కొమురయ్య మిస్డ్ కాల్

దబీర్‌పురాలోని ఇంట్లో సుచరిత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉండగా ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. పొలాలకు నీళ్లొదిలే లష్కర్ కొమురయ్య, కాలువ తూము ఎత్తగానే ఇచ్చే మిస్డ్ కాల్ అది.

తూము దగ్గరికి పరుగెత్తుతూ కొమురయ్య కాలువలో జారిపడి చనిపోయి పది రోజులైంది.

ఏ తూము ఎన్నింటికి ఎత్తాలో చెప్పే ప్రోగ్రాం ఆమె రాసిందే. చుక్క వృథా కాకూడదని తూముకూ తూముకూ మధ్య నీళ్లు పారే సమయం లెక్కకట్టింది. మనిషి నడిచే సమయం మరిచిపోయింది.

ఆ నంబరుకే తిరిగి ఫోన్ చేసింది.

"నేను ఆయన పెండ్లాన్ని మేడం," రొప్పుతూ పలికిందొక గొంతు. "ఆయన లెక్కనే ఉరుక్కుంటొచ్చి ఎత్తిన. టైంకే అయింది గదా?"